ప్రియాన్ అన్నంత మాత్రాన ఒకే జబ్బు కాదు

ప్రశ్న: అయ్యా, మాది కడప. మా అత్తగారికి 64 ఏళ్లు. ఉగాది ముందు నుంచి చూపు మసకబారుతోందని అంటుంటే ఇక్కడే ఒక ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించాము. చూపు కుదుటపడలేదు. నెల తిరిగేసరికి నడకలో తూలడం, సంగటి ముద్ద చేతిలో పట్టుకుని దాన్ని ఏం చేయాలో తెలియనట్టు చూస్తూ ఉండిపోవడం, గిన్నె కింద పడిన చప్పుడుకు కూడా ఒళ్లంతా అదిరిపడటం మొదలయ్యాయి. బెంగళూరుకు తీసుకెళితే ఎంఆర్‌ఐ, ఇఇజి, వెన్ను నీటి పరీక్ష చేసి, ఇది సీజేడీ (క్రాయిట్స్‌ఫెల్ట్–యాకోబ్ డిసీజ్) అనే ప్రియాన్ జబ్బు, మందు లేదు అన్నారు. ఐదో నెలలో ఆమె పోయారు. ఇప్పుడు ఇంట్లో తలా ఒక మాట. ఆపరేషన్ వల్లే వచ్చిందని మా మరిది అంటాడు. మా ఆడబిడ్డ తలకాయ కూర మానేసింది. మా అత్తగారి నాయనకు 78వ ఏట మతిమరుపు మొదలై ఎనిమిదేళ్లు సాగింది కాబట్టి ఇది వంశంలో ఉన్నదేనని మా మామగారి అనుమానం. అంటుకుంటుందని చెప్పి బంధువుల్లో ఒక పెద్దావిడ అత్తగారి కంచం, చెంబు పారేయించింది. మా ఏడేళ్ల పాప చివరిదాకా జేజి కంచంలోనే తినేది. మరిదికి సంబంధాలు చూస్తున్నాము. అందరికీ రక్తపరీక్ష చేయించమంటారా?
ఒక పాఠకురాలు, కడప

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ప్రశ్నలు ఐదారు ఉన్నా అన్నీ ఒకే ముడి దగ్గర చిక్కుకున్నాయి. ప్రియాన్ అన్న మాట వినగానే మీ ఇంట్లో ఒకరు ఆపరేషన్ అన్నారు, ఒకరు మాంసం అన్నారు, ఒకరు వంశం అన్నారు, ఒకరు అంటు అన్నారు. వీటిలో మొదటి మూడూ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి విషయంలో నిజమైనవే. అయితే అవి ఒకే రోగి కథలు కావు, ఒకే జబ్బు కథలు కూడా కావు. నాలుగోది మాత్రం ఎక్కడా నిజం కాలేదు కాబట్టి ముందు దాన్ని పక్కన పెడతాను. సేవ చేసినందువల్ల, తాకినందువల్ల, ఒకే కంచంలో తిన్నందువల్ల ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి రాదు. వైద్యులు దీన్ని 1920, 1921లలో మొదటిసారి వర్ణించారు. వందేళ్లు దాటినా రోగికి అన్నం తినిపించిన వాళ్లకు, ఒళ్లు తుడిచిన వాళ్లకు ఆ సేవ వల్ల వచ్చిందని చెప్పదగిన ఆధారం లేదు. పాపకు ఏ పరీక్షా అక్కర లేదు. పారేసిన చెంబు ఇంకా పెరట్లోనే ఉంటే తెచ్చి తోముకోండి.

ఇక అసలు విషయం. ప్రియాన్ ప్రొటీన్ బయటి నుంచి వచ్చే క్రిమి కాదు. అది మీలో ఉంది, నాలో ఉంది, పాపలోనూ ఉంది. 20వ క్రోమోజోము మీది ఒక జన్యువు ఆదేశంతో 253 అమైనో ఆమ్లాల గొలుసుగా పుట్టి, రెండు కొసలూ కొంత కత్తిరించబడి, నాడీకణం పైపొరను పట్టుకుని ఉంటుంది. మామూలుగా ఉన్నప్పుడు దానిలో ఒక సగం చుట్టలు తిరిగి కుదురుగా, మిగిలిన సగం వదిలేసిన దారంలా ఉంటాయి. జబ్బులో జరిగేది ఏమిటంటే, ఆ గొలుసే, తరచుగా ఒక్క అమైనో ఆమ్లం కూడా మారకుండానే, చుట్టలు విప్పుకుని బల్లపరుపుగా మడతలు పడి, అప్పడాల దొంతరలాగా ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది. పేరుకున్న దొంతర తన పక్కకు వచ్చిన మంచి ప్రొటీన్‌ను కూడా తనలాగే మడిచి కలుపుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ 1982లో దీనికి ప్రియాన్ అని పేరు పెట్టినప్పుడు, డీఎన్ఏ లేకుండా ఏదైనా సంక్రమించడమేమిటని చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మీ వంటింట్లో ఉన్నంత మంచి పోలిక నాకు తరగతి గదిలో ఎప్పుడూ దొరకలేదు. రాత్రి గోరువెచ్చని పాలలో తోడు వేస్తారు కదా. పుల్లటి మజ్జిగతో తోడు వేస్తే తెల్లారేసరికి పుల్లటి పెరుగే అవుతుంది, కమ్మటి పెరుగుతో వేస్తే కమ్మటిదే అవుతుంది. పాలు అవే అయినా పెరుగు గుణం తోడును బట్టి ఉంటుంది. అంతటితో అయిపోలేదు. గేదె పాలలో గట్టిగా తోడుకున్నది ఆవు పాలలో పలచగా ఉండవచ్చు, అంటే పాలకు కూడా ఒక మాట ఉంది. ప్రియాన్ జబ్బుల్లో తోడు అంటే మొదట చెడిన మడత, పాలు అంటే ఆ మనిషి జన్యువు రాసిచ్చిన ప్రొటీన్. పోలిక ఒకచోట తెగిపోతుంది, అది కూడా చెప్పాలి. తోడులో ఉన్నవి బతికి ఉన్న సూక్ష్మజీవులు, పాలు కాచితే అవి చస్తాయి. ప్రియాన్‌లో ప్రాణం లేదు కాబట్టి ఉడికించినంత మాత్రాన అది నశించదు.

మడతలో తేడా ఉందని మాటల్లో చెబితే సరిపోదు, కళ్లకు కనిపించే రుజువు ఒకటి ఉంది. చనిపోయిన రోగి మెదడులో చిన్న ముక్కను నూరి, దాని మీద ప్రొటీనేజ్ కె అనే ఎంజైమును వదులుతారు. ఇది చెదపురుగు వంటిది. మామూలు ప్రియాన్ ప్రొటీన్‌ను పూర్తిగా తినేస్తుంది. చెడిన ప్రొటీన్ విషయంలో మాత్రం పైపైన వదులుగా ఉన్నంత మేర తిని, మడత బిగిసిన చోట ఆగిపోతుంది. చెద చేవను తినలేనట్టే. ఆ మిగిలిన చేవను జిగురు పలక మీద పరుగెత్తించి రంగు పట్టిస్తే మూడు నల్లటి గీతలు కనిపిస్తాయి. ఈ ప్రొటీన్‌కు చక్కెర అణువులు అతుక్కునే చోట్లు రెండు ఉంటాయి. రెండూ నిండినది పై గీత, ఒకటి నిండినది నడిమి గీత, ఏదీ లేనిది అడుగు గీత. ఇప్పుడు అడుగు గీత ఎక్కడ ఆగిందో చూడండి. కొందరు రోగుల్లో అది 21 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువును చెప్పే కొలత) దగ్గర, మరికొందరిలో 19 దగ్గర ఆగుతుంది. మొదటి వారిలో ఎంజైము ముఖ్యంగా 82వ అమైనో ఆమ్లం దగ్గర, రెండో వారిలో 97వ దాని దగ్గర కోసిందన్న మాట. పదిహేను పూసల తేడా! గొలుసు ఒకటే అయినప్పుడు చెద ఒకచోట ముందుగా ఆగి, ఇంకోచోట లోపలికి వెళ్లగలిగిందంటే మడత వేరుగా ఉందని తప్ప మరో అర్థం లేదు.

ఈ గీతలను బట్టే జబ్బులు విడిపోతాయి. బ్రిటన్‌లో పిచ్చి ఆవుల మాంసం ద్వారా మనుషులకు సోకిన రకంలో పై గీత మిగిలిన రెంటికంటే చిక్కగా ఉంటుంది, మెదడులో పూరేకులు చుట్టుకున్నట్టు ఉండే ముద్దలు కనిపిస్తాయి. గెర్స్ట్‌మన్–స్ట్రాస్లర్–షైంకర్ అనే వంశపారంపర్య జబ్బులో ఏడెనిమిది కిలోడాల్టన్ల చిన్న ముక్క ఒకటి అదనంగా బయటపడుతుంది. అక్కడ దెబ్బ ముందుగా చిన్నమెదడు మీద పడుతుంది కాబట్టి మతిమరుపు కంటే ముందు తూలుడు వచ్చి, జబ్బు ఏళ్ల తరబడి సాగుతుంది.

అన్నింటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది మాత్రం నిద్ర పోగొట్టే జబ్బు. దాన్ని 1986లో ఇటలీ కుటుంబం ఒకదానిలో వర్ణించారు. మనిషికి నడివయసులో నిద్ర కరువవుతుంది, చెమటలు పడతాయి, గుండె వేగం పెరుగుతుంది, మెదడు నడుమనున్న థాలమస్ క్షీణించి ఏడాది అటూ ఇటూగా ప్రాణం పోతుంది. ఈ కుటుంబాల్లో ప్రియాన్ జన్యువులో 178వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం బదులు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. సరిగ్గా ఇదే మార్పు ఉన్న వేరే కుటుంబాల్లో నిద్ర సంగతి కాకుండా వంశపారంపర్య సీజేడీ వచ్చింది. ఒకే తప్పుకు రెండు జబ్బులు ఎలా వచ్చాయో 1992లో తేలింది. గొలుసులో 129వ స్థానంలో మనుషుల్లో కొందరికి మెథియొనిన్, కొందరికి వాలీన్ ఉంటుంది. అది తప్పు కాదు, ఉంగరాల జుట్టు, సాదా జుట్టు ఉన్నట్టు. మారిన జన్యు ప్రతిలోనే 129 దగ్గర మెథియొనిన్ ఉంటే నిద్ర పోగొట్టే జబ్బు, వాలీన్ ఉంటే సీజేడీ. మొదటిదానిలో అడుగు గీత 19 దగ్గర, రెండోదానిలో 21 దగ్గర ఆగుతుంది.

తేడా గొలుసులో ఉందా, మడతలో ఉందా అన్న సందేహానికి 1996లో ప్రూసినర్ బృందం ఎలుకలతో సమాధానం చెప్పింది. ఒకే రకం ప్రియాన్ జన్యువు పెట్టిన ఎలుకల్లో కొన్నింటికి నిద్ర జబ్బుతో పోయిన వారి మెదడు పదార్థాన్ని, కొన్నింటికి సీజేడీతో పోయిన వారి మెదడు పదార్థాన్ని ఎక్కించారు. మొదటి వాటి మెదడులో 19, రెండో వాటి మెదడులో 21 కనిపించాయి. పాలు ఒకటే, తోడులు రెండు. ప్రొటీన్ తన మడతనే వారసత్వంగా అప్పగించగలదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ప్రయోగం నాకు తెలియదు.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరకు వస్తాను. అరవై దాటిన వయసు, నెలల్లోనే కూలిపోవడం, చప్పుడుకు ఒళ్లు అదరడం, మీరు చెప్పిన ఈ మూడూ ఎవరి తప్పూ లేకుండా దానంతట అది వచ్చే సీజేడీ తీరుకు బాగా సరిపోతాయి. సీజేడీ రోగుల్లో నూటికి ఎనభై ఐదు మంది దాకా ఈ కోవలోని వారే. వీరిలోనూ ఎక్కువగా కనిపించేది 129 దగ్గర రెండు ప్రతుల్లోనూ మెథియొనిన్, పలక మీద 21 కిలోడాల్టన్ల గీత ఉన్న రకం. అది ఇలాగే త్వరగా ముగుస్తుంది. శవపరీక్ష జరగలేదు కాబట్టి ఆమెది ఆ రకమేనని నేను ముద్ర వేయను. కోట్లాది ప్రొటీన్లు రోజూ పుట్టి మడతలు పడుతుండగా ఎప్పుడో ఒకటి తప్పుగా పడి, దాన్ని శుభ్రం చేసే ఏర్పాటు నుంచి తప్పించుకోవడమే దీనికి మూలమని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఏటా పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. పాత కడప జిల్లా జనాభా 2011 లెక్కల్లో దాదాపు 28.8 లక్షలు, అంటే ఆ లెక్కన ఒక్క మన జిల్లాలోనే ఏటా ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉండాలి. వాళ్లలో ఎందరు పక్షవాతమనో, ముసలితనమనో అనిపించుకుని వెళ్లిపోతున్నారో ఊహించుకోవచ్చు. మీరు బెంగళూరు దాకా తీసుకెళ్లబట్టి పేరు తెలిసింది.

మీ మరిది అనుమానం విషయంలో నేను కొంచెం ఆగి చెప్పదలచుకున్నాను, ఎందుకంటే అతను తల్లిని పోగొట్టుకుని ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆపరేషన్ మీద పెట్టాడు. వైద్యం ద్వారా ఈ జబ్బు సోకిన సందర్భాలు ఉన్నాయి. 1974లో కంటి నల్లగుడ్డు పైపొర మార్పిడి ద్వారా సోకిన ఒక రోగిని గురించి ప్రకటించారు. మృతదేహాల పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన ఎదుగుదల హార్మోను వల్ల, మెదడు మీద అతికించిన దాతల పొరల వల్ల ప్రపంచవ్యాప్తంగా చెరో రెండు వందల మందికి పైగా సోకింది. ఇవన్నీ ఒక మనిషి కణజాలాన్ని ఇంకొక మనిషిలో పెట్టినవి. శుక్లాల ఆపరేషన్‌లో పెట్టేది కృత్రిమంగా చేసిన కటకం. పైగా, వైద్యం ద్వారా సోకితే బయటపడటానికి ఏళ్లు, కొన్నిసార్లు దశాబ్దాలు పడుతుంది, నెలలో బయటపడదు. ఇంకొక మాట గమనించండి. సీజేడీ కొందరిలో మెదడు వెనుక భాగంలో, చూపును చదివే చోట మొదలవుతుంది. కన్ను బాగానే ఉన్నా చూపు మసకగా, వంకరగా అనిపిస్తుంది. ఆ వయసులో శుక్లం కూడా కొంత ఉండనే ఉంటుంది కాబట్టి అటువంటి వారికి ఆపరేషన్ జరిగిపోవడం వైద్యులు ఎరిగిన విషయమే. ఆపరేషన్ అయినా చూపు కుదుటపడలేదని మీరే రాశారు. మీ మరిది కారణం అనుకుంటున్నది బహుశా జబ్బు మొదటి లక్షణం వెంట జరిగిన పని.

తలకాయ కూర మాటకు వస్తే, మీ ఆడబిడ్డ భయం పిచ్చి ఆవు వార్తల నుంచి వచ్చింది. ఆ జబ్బును బ్రిటన్ పశువుల్లో 1986లో గుర్తించారు. పశువుల మాంసం, ఎముకల పొడినే తిరిగి పశువులకు దాణాగా పెట్టడం వల్ల అది పెరిగింది. 1996లో మనుషుల్లో బయటపడి, ఆ దేశంలో మొత్తం 178 మందిని బలి తీసుకుంది. వారి సగటు వయసు ముప్పై లోపు. ముందు దిగులు, మనసు చెదరడం వచ్చి, ఏడాదికి పైగా సాగేది. వయసులోనూ, తీరులోనూ, పలక మీది గీతల్లోనూ అది మీ అత్తగారి జబ్బు కాదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010లో మన దేశాన్ని ఆ జబ్బు ముప్పు నామమాత్రంగా ఉన్న దేశాల్లో చేర్చింది. గొర్రెల్లో స్క్రేపీ అనే ప్రియాన్ జబ్బు ఉంది, యూరప్‌లో రెండున్నర శతాబ్దాలకు పైగా దాన్ని ఎరుగుదురు. అది మనుషులకు సోకినట్టు ఆధారం దొరకలేదు. గొర్రె ప్రొటీన్ మడత మనిషి ప్రొటీన్ మీద అంత సులువుగా తోడుకోదు. మనిషి మెదడును మనిషే తింటే ఏమవుతుందో పాపువా న్యూగినీలో ఫోరే తెగవారి అంత్యక్రియల ఆచారం వల్ల వ్యాపించిన కూరూ జబ్బు చూపింది. అక్కడ తోడూ, పాలూ ఒకే జాతివి. తలకాయ కూర మానాలంటే కొవ్వుకు భయపడి మానమనండి, సీజేడీకి భయపడి కాదు.

మీ అత్తగారి నాయన సంగతి వేరు, అక్కడ మీ మామగారి అనుమానాన్ని నేను కొట్టిపారేయను. డెబ్బై ఎనిమిదో ఏట మొదలై ఎనిమిదేళ్లు నెమ్మదిగా సాగిన మతిమరుపు చాలావరకు అల్జైమర్స్ అయి ఉంటుంది. అక్కడ చెడేది ప్రియాన్ ప్రొటీన్ కాదు; కణాల బయట అమైలాయిడ్ బీటా, కణాల లోపల టౌ అనే వేరే ప్రొటీన్లు. అయితే మడతే జబ్బును నిర్ణయిస్తుందన్న సూత్రం అక్కడా కనిపిస్తోంది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2017లో అల్జైమర్స్ రోగి మెదడులోని టౌ పోగుల ఆకారాన్ని దాదాపు అణువు అణువుగా చూశారు. తరువాతి రెండు మూడేళ్లలో పిక్స్ అనే మరో మతిమరుపు జబ్బులో, తలకు పదేపదే దెబ్బలు తగిలిన క్రీడాకారుల మెదడులో చూస్తే అదే టౌ వేరే మడతల్లో ఉంది. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ఒక మడతలో, దాన్ని పోలిన మరో జబ్బులో ఇంకో మడతలో కనిపించింది. వీటిని ప్రియాన్ తరహా జబ్బులని పత్రికలు రాయడం వల్ల మీ ఇంటివంటి ఇళ్లలో గందరగోళం పుడుతోంది. తోడుకునే పద్ధతి ఒకటైనంత మాత్రాన పెరుగు, జున్ను ఒకటి కావు. పాతకాలపు హార్మోను ఇంజెక్షన్ల ద్వారా అల్జైమర్స్ అంకురం సోకినట్టు భావిస్తున్న ఐదుగురి గురించి లండన్ పరిశోధకులు 2024లో ప్రకటించారు. బ్రిటన్‌లో ఆ హార్మోను వాడకం 1985లోనే ఆగిపోయింది, ఇంట్లో సేవకూ దానికీ సంబంధం లేదు.

అయినా ఒక చిన్న తలుపు తెరిచి ఉంచాలి. ప్రియాన్ జబ్బుల్లో నూటికి పది, పదిహేను జన్యువు మారడం వల్ల వచ్చేవి, వాటిలో కొన్ని ఏళ్ల తరబడి సాగి చూడటానికి అల్జైమర్స్‌లాగే ఉంటాయి. జన్యు రకం ఉన్న రోగుల్లో ఇంట్లో ఎవరికీ రాలేదని చెప్పేవారు కూడా తక్కువేమీ కాదు. అటువంటి మార్పే ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికి రావడానికి, రాకపోవడానికి సగం సగం అవకాశం. అందుకని అందరికీ పరీక్ష చేయిద్దామని ఎగబడవద్దు. ఆరోగ్యంగా ఉన్న మీ మరిదిని ముందు పరీక్షించి, మందు లేని జబ్బు పేరు అతని చేతిలో పెట్టి, ఆ కాగితం పెళ్లి మాటల్లోకి పోతే ఏమవుతుందో మన ఊళ్ల సంగతి మీకు నేను చెప్పాలా. అతను తనంతట తాను కోరుకుంటే, పరీక్షకు ముందే జన్యు సలహాదారుతో కూర్చుని మాట్లాడాలి. పాప వంటి మైనర్లకు ఈ పరీక్ష చేయకూడదు. రిపోర్టులో 129 దగ్గర మెథియొనిన్ అనో, వాలీన్ అనో ఉంటే దాన్ని జబ్బుగా చదువుకోవద్దు. ఈ విషయం తేలేదాకా మీ భర్త, మరిది, ఆడబిడ్డ రక్తదానం చేయకపోవడం మంచిది.

పరీక్ష చేయవలసింది మొదట మీ అత్తగారి నమూనాకే. బెంగళూరు ఆసుపత్రికి డిశ్చార్జి కాగితం పట్టుకుని వెళ్లండి, కుదరకపోతే ఫోన్ చేయండి. ఆమె రక్తం గానీ, దాని నుంచి తీసిన డీఎన్ఏ గానీ నిల్వ ఉందా, ప్రియాన్ జన్యు పరీక్ష అప్పుడే చేశారా అని అడగండి. ఆ నమూనాలో జన్యువు మామూలుగా ఉందని తేలితే ఆమె పిల్లల్లో ఎవరికీ ఈ పరీక్ష అవసరం ఉండదు. ఆసుపత్రులు నమూనాలను ఎల్లకాలం ఉంచవు కాబట్టి ఈ వారంలోనే అడగండి.